నాలుగో కౌంటరు కింది డబ్బా

కాలరులో ఎక్కడో ఒక గుండుసూది మిగిలిపోయింది. కొత్త చొక్కాకి ఉన్న సూదులన్నీ తీసేశాననే అనుకున్నాను, ఇస్త్రీ చేసేటప్పుడు మా ఆవిడ కూడా అన్నీ తీశానంది, ఇద్దరం కలిసి తీసినా ఒకటి మిగిలింది, మెడ ఎడమవైపు తిప్పినప్పుడల్లా చురుక్కుమంటోంది. తిప్పకపోతే ఏ బాధా లేదు. తిప్పకుండా కూర్చుందామంటే ఎడమవైపు అక్క ఉంది. సూపరింటెండెంటు గారి గది బయట ఈ చెక్క బెంచీ మీద మేమిద్దరమే ఉన్నాం, ఆయన వార్డుల్లోకి రౌండుకి వెళ్ళారు, పన్నెండుకి వస్తారని అటెండరు చెప్పాడు, ఎదురుగా గోడ గడియారంలో పదకొండు. గంట. గంటసేపు ఈవిడ పక్కన కూర్చోవాలి. నన్నెందుకు పిలిచారో నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు, ఆసుపత్రి అంతటికీ తెలుసు, కంప్యూటర్ల విభాగానికి నన్ను ఇన్‌ఛార్జిని చేస్తున్నారు, సంతకం ఒక్కటే తరువాయి. ఆవిడని ఎందుకు పిలిచారో కూడా అందరికీ తెలుసు, ఇంక నాకు చేతకావడం లేదు, నన్ను పంపించెయ్యండి అని ఆవిడే రాసిన ఉత్తరం తీసుకోవడానికి. ఎవరికీ తెలియనిది ఒక్కటే ఉంది, అది ఎనిమిది రోజులుగా నా ఒక్కడి కడుపులోనే ఉంది. ఆవిడ చేతుల్లో ఏ లోపమూ లేదు, లోపం నేను చేసిన పనిలో ఉంది, ఆ సంగతి ఈ గంటలోపు చెప్పాలి. చెప్పకపోతే ఆవిడ ఉద్యోగం పోతుంది, నాకు కొత్త కుర్చీ వస్తుంది.

"చొక్కా కొత్తదా తమ్ముడూ?" అంది అక్క. "అవునక్కా." "రంగు బాగుంది. ఇన్‌ఛార్జి కళ వచ్చేసింది." నవ్వింది, నిజంగానే నవ్వింది, ఆ నవ్వులో ఏ మూలైనా వెటకారం దొరుకుతుందేమోనని వెతికాను, దొరికితే కొంచెం తేలిగ్గా ఉండేది, దొరకలేదు. ఆవిడ అందరికీ అక్కే. తనకంటే ఏడాది పెద్దయిన సూపరింటెండెంటు గారికీ అక్కే, డాక్టరు చీటీ కోసం వచ్చిన తొంభై ఏళ్ళ ముసలాయనకీ అక్కే. యాభై ఆరేళ్ళ మనిషి, నాలుగో కౌంటర్లో పంతొమ్మిదేళ్ళు కూర్చుంది, కంప్యూటర్లు రాకముందు లావుపాటి రిజిస్టర్లలో రాసేది, వచ్చాక కళ్ళజోడు మార్చుకుని కీబోర్డు నేర్చుకుంది. ఆవిడకో అలవాటుంది. పేరూ వయసూ జబ్బూ అన్నీ ఎక్కించాక, చీటీ తీసే ముందు, స్క్రీను మీద ఒక్కో మాట కింద వేలు పెట్టి అదంతా పైకి చదివి వినిపించేది. వయసు అరవై రెండు, ఎడమ కన్ను, పోయిన నెల ఇదే డాక్టరు. చదివి, "తప్పేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, చీటీ బయటికొచ్చాక మీరూ తిరగాలి, నేనూ తిరగాలి" అనేది. రోజుకి నూట యాభై సార్లు. వినీ వినీ మాకందరికీ కంఠతా వచ్చేసింది. రెండో కౌంటరాయన ఒకడున్నాడు, నోరు మూతపడదని రేడియో అంటాం, టీ తాగేటప్పుడు అచ్చం ఆవిడ గొంతుతోనే అనేవాడు, "చక్కెర తక్కువ, వేడి ఎక్కువ, తప్పేమైనా ఉంటే ఇప్పుడే చెప్పండి." అందరికంటే ముందు ఆవిడే నవ్వేది. ఎడమ కన్నుకి బదులు కుడి కన్ను పడిన చీటీలు మిగతా కౌంటర్ల నుంచి నెలకి ఒకటో రెండో వెనక్కి వస్తుంటాయి. నాలుగో కౌంటరు నుంచి ఒక్కటీ రాలేదు. ఆ లెక్క నేనెప్పుడూ తీయలేదు, నేను తీసింది వేరే లెక్క.

ఆరు కౌంటర్లూ నా ప్రోగ్రాం మీదే నడుస్తాయి. ఆరేళ్ళ కిందట రాశాను, ఒంటి చేత్తో రాశానని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకున్నాను. పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రోగుల వివరాలన్నీ ఒక్క ఫైల్లో ఉంటాయి, నాలుగు లక్షల మందివి, ఆ ఫైలు మందుల స్టోరు పక్క గదిలో ఒక కంప్యూటర్లో ఉంటుంది, అక్కడి నుంచి కౌంటర్లకి తీగలు వస్తాయి. ఎవరికి ఏ చీటీ కావాలన్నా ఆ ఫైల్లోంచే, ఆ తీగల మీదే రావాలి. ఒకరు తీసుకుంటుంటే ఇంకొకరు కాస్త ఆగాలి, ఆ ఆగడం మనిషికి తెలియనంత తక్కువ ఉండేలా రాయడంలోనే పనితనమంతా ఉంది. వెతకడానికి పుస్తకం వెనక సూచికలాంటిది ఒకటి పెడితే కావాల్సిన రెండు కాగితాలే తీగ మీద వస్తాయి, పెట్టకపోతే ఒక్క మనిషి కోసం నాలుగు లక్షల మందీ కట్టకట్టుకుని వస్తారు. ఈ పనిలో మొదటి వారం నేర్పే పాఠం అది, నేనే నలుగురికి నేర్పాను. నా గది నాలుగో కౌంటరు గోడకి అవతల ఉంది. నా కంప్యూటరుకి స్టోరు నుంచి వేరే తీగ లాగాలంటే రెండు గోడలు పగలగొట్టాలి, అనుమతులు, కాగితాలు, ఎవడు పడతాడు ఆ గొడవ, గోడకి చిన్న కన్నం చేసి, నాలుగో కౌంటరు బల్ల కింద తీగలు కలిసే డబ్బా ఒకటి పెట్టి, ఆవిడకొచ్చే తీగలోంచే నాకూ ఒకటి తీసుకున్నాను. బల్ల కింద దూరి నేను బిగిస్తుంటే, "ఇక్కడే పెట్టుకో తమ్ముడూ, నా కాళ్ళకేం అడ్డం లేదులే" అని కాళ్ళ కింద వేసుకునే పీట పక్కకి జరిపింది. ఎనిమిది రోజులుగా అన్నం ముందు కూర్చున్నా, బస్సులో నిలబడ్డా, ఆ పీట జరిగిన చప్పుడే చెవిలో వినిపిస్తోంది. మూడు వేళ్ళ వెడల్పు జరిపి ఉంటుంది.

పదకొండూ పది. మెడ తిప్పాను, చురుక్కుమంది. "అక్కా," అన్నాను. "ఊఁ?" "ఏం లేదక్కా, ఫ్యాను వేయమంటారా?" "తిరుగుతూనే ఉందిగా తమ్ముడూ." పైకి చూశాను, తిరుగుతూనే ఉంది. ఛీ, ఏం మనిషినిరా బాబూ నేను. ఒక్క మాట, అక్కా, ఆ పొరపాటు మీది కాదు, అంతే కదా, ఇంతకంటే పెద్ద పెద్ద అబద్ధాలు తడుముకోకుండా చెప్పిన నోరు ఇది. ఐదు నెలల కిందట సూపరింటెండెంటు గారు పిలిచి, లైన్లు కొంచెం పెరుగుతున్నాయోయ్, ఎక్కడ ఆలస్యమవుతోందో కనిపెట్టగలవా అని అడిగారు. గలవా అంటే, నన్ను పట్టుకుని గలవా అంటే! రెండు రోజుల్లో ఒక స్క్రీను తయారుచేశాను. నా గదిలో కూర్చుంటే ఏ కౌంటరు ఎన్ని చీటీలిచ్చిందో, ఒక్కో చీటీకి ఎంతసేపు పట్టిందో కనిపిస్తుంది, చురుగ్గా ఉన్నవాళ్ళు ఆకుపచ్చగా, అటూ ఇటూగా ఉన్నవాళ్ళు పసుపుపచ్చగా, మందకొడిగా ఉన్నవాళ్ళు ఎర్రగా. ఎంత ముచ్చటపడ్డానో, రోజంతా దాన్నే చూస్తూ కూర్చునేవాణ్ణి. మొదట నిమిషానికి ఒకసారి మారేట్టు పెట్టాను. లైన్లు ఇంకా పెరిగాయి. ఎవరో బాగా వెనకబడుతున్నారు, ఇంకా దగ్గరగా చూడాలి అనుకుని అర నిమిషానికి మార్చాను. ఇంకా పెరిగాయి. ఐదు సెకన్లకి మార్చాను. మిగతా ఐదు కౌంటర్లూ పసుపుపచ్చలో ఆపసోపాలు పడుతుంటే, నాలుగోది ఎర్రగా నిప్పుకణికలా ఉండేది, చీటీకి రెండు నిమిషాలు, రెండున్నర, మూడు. ఆవిడే, ఇంకెవరు, పెద్దావిడ, వేలు పెట్టి చదువుతూ కూర్చుంటుంది, చదవదా మరి అనుకున్నాను. ఒకసారి పిలిస్తే వెళ్ళాను. "నేను నొక్కేశాను తమ్ముడూ, అది కదలట్లేదు" అంది. కదలని స్క్రీను నా కళ్ళ ముందే ఉంది. దాన్ని చూశానా? ఆవిడ వేళ్ళ వంక చూసి, "గట్టిగా కాదక్కా, కొంచెం త్వరగా నొక్కాలి" అన్నాను. లైన్లో ఉన్నవాళ్ళంతా ఘొల్లున నవ్వారు. ఆవిడ కూడా నవ్వబోయి, వేళ్ళు మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

ఆ వేళ్ళు ఇప్పుడు కూడా ఒళ్ళోనే ఉన్నాయి, గుడ్డ సంచీ మీద, ఒకదాన్లో ఒకటి దూర్చుకుని. ఇలా చేతులు దాచుకున్న మనిషిని నేను ఇంకోసారి చూశాను, చేతులు కాదు, బిందె. నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉన్నప్పుడు ఆరు కుటుంబాలున్న వాటాల్లో ఉండేవాళ్ళం, ఆరిళ్ళకీ ఒకటే నీళ్ళ గొట్టం, పొద్దున ఒక గంట వచ్చేవి. మా నాన్న స్నానాలగదిలో తలుపు వెనక గొట్టానికి చిన్న మోటరు బిగించాడు. స్విచ్చి వెయ్యడం నా పని. నేను వేస్తే మా తొట్టి గలగలా నిండేది, అవతల వాళ్ళ కుళాయిలు దగ్గి దగ్గి ఆగిపోయేవి. మా పక్క వాటాలో కుట్టుపని చేసుకునే ఆవిడ ఉండేది, మా తర్వాత కుళాయి వాళ్ళదే కాబట్టి వాళ్ళకి చుక్క కూడా వచ్చేది కాదు. ఖాళీ బిందె చంకనేసుకుని వచ్చి, "మీకొస్తున్నాయా వదినా?" అని అడిగేది. "మాకూ అంతంతమాత్రమే" అనేది మా అమ్మ, తలుపు సగం మూసి. తర్వాత వాటాల వాళ్ళంతా కూర్చుని, ఆవిడే కుళాయి తిప్పి వదిలేస్తోందని, అందుకే ఎవరికీ రావడం లేదని తేల్చేశారు, ఆవిడ పైటతో బిందె కప్పుకుని తల దించుకుని నిలబడింది. నేను మా గుమ్మంలో బిస్కెట్టు తింటూ చూశాను. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మా నాన్న పెట్టిన మోటరు కదా, నాదేముంది అనుకునేవాణ్ణి, స్విచ్చి వేసిన వేలు ఎవరిదో మాత్రం ఆలోచించేవాణ్ణి కాదు.

మూడు వారాల కిందట ఒక సోమవారం ఆ రంగుల స్క్రీనుని కాగితం మీద ముద్రించి సూపరింటెండెంటు గారి బల్ల మీద పెట్టాను. ఐదు పసుపుపచ్చ గీతలు, ఒక ఎర్ర గీత. అది చాలదన్నట్టు, "ఆవిడ రికార్డు తెరిచి పెట్టుకుని కబుర్లు చెబుతారు సార్, ఆ తెరిచినంతసేపూ మిగతా వాళ్ళకి అడ్డమే" అని కూడా అన్నాను. తెరిచి ఉంచితే ఆ ఒక్క రోగి వివరాలే ఆగుతాయి, మిగతా వాళ్ళకేం అడ్డం కాదు, అది నాకు తెలుసు. తెలిసే అన్నాను, వాక్యం బరువుగా ఉంటుందని. మధ్యాహ్నానికి అక్కని కిందనున్న పాత ఫైళ్ళ గదికి మార్చేశారు, ఆ గది వచ్చే నెల మూసేస్తారని అప్పటికే అందరికీ తెలుసు. పని అయిపోయింది, ఇంకెవర్ని చూడాలి, అని ఆ సాయంత్రం నేను స్క్రీను మూసేశాను. మర్నాడు కౌంటర్లు గాల్లో తేలిపోయాయి. చీటీకి నలభై సెకన్లు! అక్క వెళ్ళింది లైను కదిలింది, అన్నాడు రేడియో. నా భుజం తట్టనివాడు లేడు. నేనూ ఏమాత్రం తగ్గకుండా చంకలు గుద్దుకుంటూ తిరిగాను. నిజంగా ఆవిడ వల్లే అనుకున్నాను, ఇది మాత్రం అబద్ధం కాదు, ఆ పదిహేను రోజులూ నేను చేసింది తప్పని నాకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదా అంటే, ఏమో, అదింకో గంటసేపు ఆలోచించాల్సిన సంగతి.

తెలిసింది పోయిన మంగళవారం. వేరే ఆసుపత్రి నుంచి నలుగురు వచ్చారు, వాళ్ళకి నీ రంగుల స్క్రీను చూపించవోయ్ అన్నారు సూపరింటెండెంటు గారు. పదింటికి తెరిచాను. వాళ్ళు ఆహా అన్నారు, టీ తాగారు, వెళ్ళారు. పదీ ఇరవైకి లైను గుమ్మం దాకా వచ్చింది. రేడియో నా గదిలోకి తల పెట్టి, "ఏంటన్నా, అక్క తిరిగొచ్చిందా ఏంటి? నా స్క్రీను కదలట్లేదు" అన్నాడు, అని తన జోకుకి తనే నవ్వుకుంటూ పోయాడు. నా చెయ్యి మౌసు మీదికి పోయింది. స్క్రీను మూశాను. గోడ అవతల చీటీల మిషను టకటకా మొదలైంది. తెరిచాను. ఆగింది. మూశాను, మొదలైంది. తెరిచాను, ఆగింది. మూడోసారి తెరవక్కర్లేదు, అయినా తెరిచాను. చీటీ ఇచ్చిన టైము ఉన్న గడికి సూచిక పెట్టడం మర్చిపోయాను నేను. మొదటి వారం పాఠం. ఐదు సెకన్లకొకసారి నాలుగు లక్షల మందీ నా గదికి పరిగెత్తుకొస్తున్నారు, ఆవిడ కాళ్ళ దగ్గరున్న డబ్బాలోంచి, ఆవిడ తీగ మీదుగా, ఆవిడని తొక్కుకుంటూ. ఎవరు ఆలస్యం చేస్తున్నారో కనిపెట్టే స్క్రీనే ఆలస్యం చేసింది, నేను ఎంత దగ్గరగా చూస్తే అంత గట్టిగా ఆవిడ గొంతు నొక్కింది. సూచిక పెట్టాను, పది నిమిషాలు పట్టింది. ఐదు సెకన్లని మళ్ళీ నిమిషానికి మార్చాను. అంతే, ఇంకెప్పుడు ఎవరు తెరిచినా లైను ఆగదు, ఏ గుర్తూ మిగల్లేదు, అంత శుభ్రంగా తుడిచాను. "చిన్న సర్దుబాటు సార్" అన్నాను సూపరింటెండెంటు గారితో. "నువ్వుండబట్టి సరిపోయింది" అన్నారాయన.

పదకొండూ ముప్పై అయిదు. అటెండరు ఫ్లాస్కు పట్టుకుని లోపలికి వెళ్ళాడు, బయటికొచ్చాడు, నన్ను చూసి సలాం లాంటిది కొట్టాడు, అది కూడా కొత్త. అక్క సంచీలోంచి ఏదో తీసింది, బిస్కెట్లేమో అనుకున్నాను, అట్టముక్క. చొక్కాల డబ్బా అట్ట, బహుశా. దాని మీద పెన్నుతో గళ్ళు గీసి కీబోర్డు అక్షరాలు రాసి ఉన్నాయి, కొన్ని గళ్ళలో సిరా అరిగిపోయి అట్ట తెల్లబడింది. "మా మనవరాలు గీసిచ్చింది," అంది. "ఇంట్లో కంప్యూటరు లేదుగా. వంటయ్యాక రోజూ గంటసేపు దీని మీద కొడతాను. వేగం వస్తుందేమో అని. అట్ట మీద బాగానే పోతున్నాయి తమ్ముడూ వేళ్ళు, ఆ పెట్టె ముందుకి వచ్చేసరికే ఏమైందో." బెంచీ కింద భూమి చీలిపోతే బాగుండును. "ఎందుకక్కా ఇదంతా" అన్నాను, నా గొంతు నాకే చిరాకు తెప్పించేంత మెత్తగా వచ్చింది. "మా అమ్మకి చేతులు వణికే జబ్బుండేది," అంది ఆవిడ, అట్ట మీద ఏవో నాలుగు అక్షరాలు కొడుతూ. "ముందు ఇలాగే, మందగించాయి. జడ వెయ్యడానికి అరగంట పట్టేది, మేం విసుక్కునేవాళ్ళం. తర్వాత చెంచా పట్టుకోలేకపోయింది. చివరి నాలుగేళ్ళు నేనే తినిపించాను. నాకెవరు తినిపిస్తారో." పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. "నరాల డాక్టరు ఏం లేదన్నాడనుకో. మొదట్లో కనబడదటగా, అందుకే ఆయన మాట నాకు ఆనలేదు."

నరాల డాక్టరు. శుక్రవారం. ఇది తలుచుకోకూడదనుకుంటూనే ఈ ఐదు రోజుల్లో ఎన్నిసార్లు తలుచుకున్నానో. మెట్ల దగ్గర ఎదురైంది, నేను పైకి, ఆవిడ కిందికి. అప్పటికి నాకు తెలిసి మూడు రోజులైంది. "ఇవాళ సాయంత్రం నరాల డాక్టరుకి చూపించుకుంటున్నా తమ్ముడూ, ఈ చేతుల సంగతేంటో" అంది. అప్పుడు చెప్పొచ్చు. ఎవరూ లేరు మెట్ల మీద, పదిహేను మాటలు చాలు. నేనేమన్నాను? "మంచి పని చేస్తున్నారక్కా" అన్నాను. అని రెండేసి మెట్లు ఎక్కి పారిపోయాను. గదిలో తలుపేసుకుని కుర్చీలో కూర్చుంటే మొహం కాలిపోయింది, ఎవరో ఎడాపెడా వాయించినట్టు, ఆ మొహంతోనే ఇంటికి వెళ్ళాను, మా ఆవిడ ఇన్‌ఛార్జి గారూ అని ఏడిపిస్తూ ఈ చొక్కా చేతిలో పెట్టింది. తనకైనా చెబుదామనుకున్నాను. తను ఏమంటుందో తెలుసు, చెప్పెయ్యండి అంటుంది, అందుకే చెప్పలేదు. నాకు కావాల్సింది ఎవరైనా, పోనీలెండి, ఎవరికి జరగదు, ఆవిడకి ఎలాగూ రెండేళ్ళలో రిటైరుమెంటేగా అనేవాళ్ళు. అలాంటివాళ్ళు దొరక్క నాకు నేనే అనుకున్నాను, పళ్ళు తోముకుంటూ, బస్సులో, ఇక్కడ, ఈ బెంచీ మీద కూడా, ఇందాకటి దాకా. చెబితే ఏమవుతుంది? ఇన్‌ఛార్జి పోతుంది. ఉన్న ఉద్యోగం కూడా పోతుందేమో. రేడియో ఆరు నెలలు నా గొంతుతో టీ తాగుతాడు. నవ్వుతారు. లైన్లో అందరూ ఆవిడని చూసి నవ్వినట్టే నన్ను చూసీ నవ్వుతారు. నన్ను భయపెడుతున్నది ఆ నవ్వే, ఉద్యోగం కూడా కాదు, ఎంత అల్పుణ్ణి.

పదకొండూ యాభై. "ఇదొకటి చూసి పెడతావా తమ్ముడూ?" అంది అక్క, మడత పెట్టిన కాగితం విప్పుతూ. "నువ్వు చదువుకున్నవాడివి, ఎక్కడైనా తేడా ఉంటే దిద్దు." చెయ్యి చాపాను. ఏమనుకుందో, ఇవ్వలేదు. "ఉండు, నేనే చదువుతాను, అలవాటు" అని కళ్ళజోడు సర్దుకుని కాగితం మోకాలి మీద పెట్టుకుంది. మొదటి మాట కింద వేలు పెట్టింది. నాలుగో కౌంటర్లో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను, చదివింది, వేలు జరిగింది, ఈమధ్య నా చేతులు మందగించినందువల్ల రోగులకీ తోటివారికీ ఇబ్బంది కలిగింది, వేలు జరిగింది, అందుకు చింతిస్తున్నాను, నన్ను నా అంతట నేనే తప్పుకోనివ్వమని కోరుతున్నాను. ఇబ్బంది కలిగింది అట. చింతిస్తున్నాను అట. చదవడం అయిపోయింది, వేలు కాగితం చివర ఆగింది, తలెత్తి నా వంక చూసింది, రోజుకి నూట యాభై మంది వంక చూసినట్టే. "తప్పేమైనా ఉంటే ఇప్పుడే చెప్పు తమ్ముడూ. లోపలికిచ్చాక నువ్వూ తిరగాలి, నేనూ తిరగాలి."

"ఉందక్కా," అన్నాను.

ఆవిడ సంచీలోంచి పెన్ను తీసి మూత ఊడదీసింది. "ఎక్కడ?" "రెండో లైన్లో." ఆవిడ రెండో లైను వెతుక్కుంటుంటే నేను ఎనిమిది రోజులుగా పేర్చి పెట్టుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి, సూచిక, ఫైలు, సెకన్లు, ఒక్కటీ నోటికి రాలేదు. "గొట్టానికి మోటరు పెట్టింది నేనక్కా," అన్నాను. ఆవిడ అర్థం కానట్టు చూసింది. "మీ బల్ల కింద డబ్బా పెట్టానే, దాన్లోంచి మీకు రావాల్సిందంతా నా గదికి లాగేసుకున్నాను, ఎవరు మందకొడిగా ఉన్నారో చూడ్డానికి. దానివల్లే ఆగిపోయేది. మీరు నొక్కుతూనే ఉన్నారు. మీరు బాగానే నొక్కారక్కా. నా స్క్రీను మూశాను కాబట్టి లైను కదిలింది, మీరు వెళ్ళినందుకు కాదు." ఇంకేదో కూడా అన్నాను, ఏడుపు కలిసింది, సరిగ్గా గుర్తులేదు. ఆవిడ పెన్ను మూత పెట్టింది. రెండు చేతులూ మొహం ముందుకి తెచ్చుకుని, వేళ్ళు విడదీసి, ఇటూ అటూ తిప్పి చూసుకుంది.

"అయితే మా అమ్మ జబ్బు కాదా?" అంది.

"కాదక్కా."

ఒక్కో వేలూ మడిచి తెరిచి చూసుకుంది. కింద హాల్లో చీటీల మిషను టకటకా కొడుతోంది. తర్వాత అడిగింది, "నీకెప్పుడు తెలిసింది?" ఇది అడగదేమో అని ఆశపడ్డాను, నిజం. "పోయిన మంగళవారం." ఆవిడ పెదవులు కదిలాయి, లెక్క పెడుతోందని తెలుస్తూనే ఉంది, బుధ, గురు, శుక్ర. "మెట్ల మీద నీకు చెప్పాను," అంది. "చెప్పారు." "మంచి పని చేస్తున్నారక్కా, అన్నావు." "అన్నాను." తిడుతుందనుకున్నాను. ఆ అట్టముక్కతో మొహం మీద కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది. అట్ట మడిచి సంచీలో పెట్టుకుని, గుమ్మం వైపు చూస్తూ కూర్చుంది, నాకూ తనకీ మధ్య సంచీ పెట్టింది.

పన్నెండు అవుతుండగా సూపరింటెండెంటు గారు తెల్లకోటు ఎగరేసుకుంటూ వచ్చారు, నన్ను చూసి కన్ను గీటి లోపలికి వెళ్ళారు. "ముందు కంప్యూటరు సారుని రమ్మంటున్నారు" అన్నాడు అటెండరు. నేను లేచాను. ఆవిడ కూడా లేచింది. మడత పెట్టిన ఉత్తరం నా చేతిలో పెట్టింది. "లోపల నువ్వు చదువు. నేను చదివినట్టు, గట్టిగా." అటెండరు ఒక్కొక్కరే అంటున్నా వినిపించుకోకుండా నా వెనకే వచ్చింది. సూపరింటెండెంటు గారు కుర్చీ చూపించారు, రావోయ్ ఇన్‌ఛార్జీ అన్నారు, ఆవిడని చూసి కొంచెం తడబడి, అక్కా మీకు తర్వాత అన్నారు. నేను కూర్చోలేదు. ఒక కాగితం చదవాలి సార్ అన్నాను. చదివాను, నాలుగో కౌంటర్లో పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. రెండో లైను దగ్గర ఆగాను. వెనక నుంచి ఆవిడ చెయ్యి వచ్చింది, వేలు ఆ మాటల కింద నిలబడింది, కొంచెం కూడా వణకలేదు, వణికింది కాగితం పట్టుకున్న నా చెయ్యి.

"ఇక్కడ తప్పుంది సార్," అంది. "అదేంటో ఇతను చెప్తాడు."

ఇతను అంది. మెడ తిప్పి ఆవిడ వైపు చూశాను, సూది మళ్ళీ గుచ్చుకుంది, ఆవిడ నా వంక చూడటం లేదు, కాగితం మీద వేలు తియ్యనూ లేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను.